సన్‌రైజ్ దాకా అని పోస్టరు, పదింటికే మైకు బంద్: సముద్రం ఒడ్డున ఎలక్ట్రానిక్ రాత్రుల లెక్క

ఒక ఆదివారం పొద్దున్నే నెల్లూరు నుంచి అక్క ఫోన్ చేసింది. "ఒరే, వాడు ఏదో రేవ్ పార్టీకి పోతా ఉండాడంట. సముద్రం పక్కన, రాత్రంతా. నువ్వు మద్రాసులోనే ఉండావు గదా, కాస్త చెప్పరా" అంది. వాడంటే మా మేనల్లుడు. షోళింగనల్లూరులో ఐటీ ఉద్యోగం, పెరుంగుడిలో ఇంకో ముగ్గురు తెలుగు పిల్లలతో కలిసి అద్దె ఇల్లు. పిలిచి అడిగితే ఫోన్లో పోస్టరు చూపించాడు. చెన్నై నుంచి సముద్రం వెంబడి పోయే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఒక రిసార్టు, నలుగురు డీజేల పేర్లు, కింద 'సన్‌సెట్ టు సన్‌రైజ్' అని పెద్ద అక్షరాలు.

మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలో అస్తమించడు. ఆ మాట ఏ గోవా పోస్టరు నుంచో ఎత్తి పెట్టుకున్నట్టున్నారు. వాడి అనుమానం మాత్రం వేరే ఉంది. "మామా, పదింటికే ఆపేస్తారని ఆఫీసులో అంటున్నారు. మరి సన్‌రైజ్ దాకా అని ఎట్లా వేశారు?"

అక్కకు రేవ్ భయం, వాడికి టికెట్ డబ్బుల భయం. ఈ రెండు ప్రశ్నలూ విడివిడిగా కనిపిస్తాయి కానీ చట్టం, గాలి, చెవి, ఇసుక అన్నీ వాటిలో చిక్కుపడి ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

## రేవ్, ఫెస్టివల్, డీజే: మూడు మాటలు, మూడు అర్థాలు

ఎలక్ట్రానిక్ సంగీతం అంటే యంత్రాల మీద పుట్టించే సంగీతం. వాయిద్యం బదులు సింథసైజర్, డ్రమ్ మెషీన్, ఇప్పుడైతే ల్యాప్‌టాప్. 1980లో జపాన్ కంపెనీ రోలాండ్ తెచ్చిన టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్, ఆ తర్వాత వచ్చిన 909 ఈ సంగీతానికి డప్పు, మద్దెల లాంటివి. వాటితోనే షికాగోలో 'హౌస్', డెట్రాయిట్‌లో 'టెక్నో' పుట్టాయి. రెండూ ప్రధానంగా నల్లజాతి యువకుల చేతుల్లో పెరిగిన సంగీతాలే. ఇది పూర్తిగా పరాయిది అనుకునేవాళ్ళకు ఒక్క సంగతి చెప్పాలి. ముంబై సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లోనే అదే రోలాండ్ యంత్రాల మీద హిందుస్తానీ రాగాలు వాయించి రికార్డు తెచ్చారు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

డీజే పని ఒక పాట అయ్యాక ఇంకో పాట పెట్టడంతో అయిపోదు. నిమిషానికి ఎన్ని దెబ్బలు పడతాయో దాన్ని బీపీఎం అంటారు. హౌస్ సుమారు 120 నుంచి 130 మధ్య నడుస్తుంది, టెక్నో ఇంకొంచెం వేగం. రెండు పాటల దెబ్బలు సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడేలా కలిపి, ఎక్కడా తెగకుండా గంట, రెండు గంటలు నడిపించడమే డీజే 'సెట్'.

ఇక రేవ్. ఇంగ్లండులో 1980ల చివర్లో పాడుబడిన గోదాముల్లో, పొలాల్లో అనుమతి లేకుండా రాత్రంతా జరిగిన డాన్సులకు ఆ పేరు పడింది. అక్కడి ప్రభుత్వం 1994లో వీటిని అడ్డుకోవడానికి చట్టం చేస్తూ, ఆ సంగీతాన్ని 'పదేపదే వచ్చే దెబ్బల వరస' అన్నట్టు నిర్వచించాల్సి వచ్చింది. అట్లా చూస్తే మా ఊరి తీన్మార్ కూడా దొరికిపోతుంది. మన దేశ చట్టాల్లో 'రేవ్ పార్టీ' అనే నేరం విడిగా లేదు. పోలీసులు పెట్టే కేసులు మాదకద్రవ్యాల చట్టం కిందో, ఎక్సైజ్ చట్టం కిందో, అనుమతి లేని కార్యక్రమం అనో ఉంటాయి. 2024 మే నెలలో బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఒక ఫామ్‌హౌస్ మీద పోలీసులు దాడి చేశాక తెలుగు చానెళ్ళలో ఈ మాట రోజుల తరబడి మోగింది. మా అక్కకు తెలిసిన రేవ్ అదే.

టికెట్, లైనప్ (ఎవరెవరు వాయిస్తారన్న జాబితా), పోలీసు అనుమతి, అంబులెన్స్, అగ్నిమాపక శాఖ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఉండి బహిరంగంగా జరిగేది ఫెస్టివల్. మన దేశంలో సముద్రం పక్కన పెద్ద ఎత్తున జరిగే ఈ పండుగలకు 2007లో గోవా కాండోలిం బీచ్‌లో మొదలైన సన్‌బర్న్ దారి వేసింది. 2016లో అది పుణెకు మారింది. అనుమతి ఉంది కాబట్టి లోపల మత్తుమందు ఉండదని గ్యారంటీ ఇవ్వలేం. మాదకద్రవ్యాల చట్టం మాత్రం అనుమతి ఉన్న చోటా లేని చోటా ఒకటే. ఎక్స్‌టసీ అని పిలిచే ఎండీఎంఏ విషయంలో 10 గ్రాములు మించి దొరికితే అది 'వాణిజ్య పరిమాణం' కింద లెక్క, శిక్ష పదేళ్ళ నుంచి మొదలవుతుంది. స్నేహితుడి బ్యాగు పట్టుకున్నవాడికి కూడా ఈ లెక్క వర్తించే ప్రమాదం ఉంది.

## ఈ సంగీతానికి రాత్రంతా ఎందుకు కావాలి

సినిమా పాటల కచేరీ మూడు గంటల్లో ముగుస్తుంది, ఎవరికీ లోటు అనిపించదు. మరి వీళ్ళకు తెల్లారేదాకా ఎందుకు అని చాలామంది అడుగుతారు. దీన్ని అర్థం చేసుకోవడానికి తోలుబొమ్మలాట గుర్తు చేసుకుంటే చాలు. గణపతి ప్రార్థనతో నింపాదిగా మొదలవుతుంది. అర్ధరాత్రి దాటి జనం కునికిపాట్లు పడే వేళకు కేతిగాడు, బంగారక్క దిగి నవ్వించి లేపుతారు. అసలు యుద్ధం వచ్చేది ఆ తర్వాతే. మంగళం పాడేసరికి తూర్పు ఎర్రబడుతుంది. కూచిపూడి భామాకలాపం కూడా ఒకప్పుడు రాత్రంతా సాగిందే. తమిళ పల్లెల్లో తెరుక్కూత్తు అనే వీధి నాటకం ఇప్పటికీ అట్లాగే ఆడతారు.

ఎలక్ట్రానిక్ రాత్రికీ ఇదే నడక. మొదటి డీజే 'వార్మప్' చేస్తాడు. వేగం తక్కువ, శబ్దం తక్కువ, జనం ఇంకా నిలబడి మాట్లాడుకుంటూ ఉంటారు. అర్ధరాత్రికి తారస్థాయి. తెల్లవారుజామున మళ్ళీ నెమ్మదించి, వెలుగు వచ్చే వేళకు రాగం ఎక్కువ, దెబ్బ తక్కువ ఉన్న సంగీతం వాయిస్తారు. ఈ ఎనిమిది గంటల కథను సాయంత్రం నాలుగు నుంచి పదిలోపు కుదిస్తే ఎండలో వార్మప్, చీకటి పడగానే క్లైమాక్స్. వినేవాళ్ళు 'ఏదో తగ్గింది' అనడానికి కారణం అదే.

మన పూర్వుల రాత్రులకూ ఈ రాత్రులకూ ఒక పెద్ద తేడా ఉంది. తోలుబొమ్మలాటకు ఊరంతా ప్రేక్షకులే. పడుకున్నవాడు అంటూ ఎవరూ లేరు కాబట్టి నిద్ర చెడిందని ఫిర్యాదు చేసేవాడూ లేడు. ఇక్కడ గోడకు ఇవతల వెయ్యి మంది టికెట్ కొన్నవాళ్ళు, అవతల కొననివాళ్ళు. గొడవంతా ఆ గోడ దగ్గరే.

## పది గంటల గీత ఎక్కడి నుంచి వచ్చింది

ఇది చెన్నై పోలీసుల సొంత ఆంక్ష అని చాలామంది అనుకుంటారు. కాదు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు దేశమంతటికీ వర్తిస్తాయి. వాటి ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 'రాత్రి'. ఆ వేళలో ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. నాలుగు గోడల మధ్య ఆడిటోరియం, కల్యాణ మండపం, సమావేశ మందిరం లాంటి చోట, లోపలివాళ్ళకు వినపడేందుకు మాత్రం వాడుకోవచ్చు. 2010లో దీన్ని సవరించి వాయిద్యాలను కూడా చేర్చారు. మైకు లేకుండా డప్పు కొట్టినా రాత్రి పది తర్వాత ఆరుబయట తప్పే.

ఒక మినహాయింపు ఉంది. సాంస్కృతిక, మతపరమైన పండుగల సందర్భంలో రాష్ట్ర ప్రభుత్వం రాత్రి 10 నుంచి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. ఏడాది మొత్తానికి 15 రోజులు మించకూడదు. 2002లో చేర్చిన ఈ సడలింపు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2005 అక్టోబరులో కోర్టు సరే అంది. మినహాయింపు దొరికినా అర్ధరాత్రి పన్నెండు దాకానే, అంతకుమించి ఒక్క నిమిషం కూడా ఎవరూ ఇవ్వలేరు. 'సన్‌రైజ్ దాకా ఆరుబయట స్పీకర్లు' అనేది ఏ అధికారి సంతకంతోనూ వచ్చే అనుమతి కాదు.

2005 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన పెద్ద తీర్పు వెనుక ఒక విషాదం ఉంది. ఒక బాలిక మీద అత్యాచారం జరుగుతుంటే ఆమె కేకలు దగ్గర్లో మోగుతున్న లౌడ్‌స్పీకర్ హోరులో ఎవరికీ వినపడలేదు. ఆ వార్త చదివిన ఒక ఇంజనీరు వేసిన పిటిషన్ అది. పది గంటల గీతను కేవలం 'నిద్రాభంగం' సంగతిగా చూసేవాళ్ళు ఈ నేపథ్యం మరచిపోతుంటారు.

చెన్నైకి సొంత కథ కూడా ఉంది. మాధవరం వైపు కేకేఆర్ నగర్‌లో డ్రమ్ములు, గిటార్లతో ప్రార్థనలు చేసే ఒక చర్చి మీద పక్క కాలనీ సంఘం కోర్టుకెక్కింది. 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చిన సారాంశం ఇది: ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి, మైకులు పెట్టి, డ్రమ్ములు వాయించి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదు. దేవుడి పాటకే ఆ జవాబు వచ్చాక, డాన్సు పాటకు ఎక్కువ చోటు దొరుకుతుందని ఆశించడం కష్టం.

అయితే నిర్వాహకుల ఫిర్యాదులోనూ పస ఉంది. తమిళుల ఆడి మాసంలో అమ్మన్ గుడి మైకు, ఎన్నికల సభ మైకు, పెళ్ళి ఊరేగింపు బ్యాండు పదిన్నరకు మోగుతున్నా ఎవరూ వచ్చి వైరు పీకరు, మా దగ్గర మాత్రం 9:55కే జీపు ఆగుతుంది అంటారు. చెన్నైలో కాపురం ఉన్నవాళ్ళెవరూ దీన్ని అబద్ధం అనలేరు. కాలనీవాళ్ళ జవాబు కూడా వినాలి: అవన్నీ ఆపలేకపోతున్నారు కాబట్టి ఇంకొకటి కలపమంటారా?

## డెసిబెల్ లెక్క: గోడ దగ్గర ఎంత వినపడాలి

డెసిబెల్ కొలత మామూలు కూడికలాగా నడవదు. 3 పెరిగితే శబ్దశక్తి రెట్టింపు. 10 పెరిగితే పదింతలు, మన చెవికి మాత్రం సుమారు రెండింతలుగా తోస్తుంది. నిబంధనల్లో ప్రాంతాన్ని బట్టి పరిమితులున్నాయి. నివాస ప్రాంతమైతే పగలు 55, రాత్రి 45. వాణిజ్య ప్రాంతమైతే పగలు 65, రాత్రి 55. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటిస్తే, అక్కడ 50, 40. హోటళ్ళు కూడా నిబంధనల దృష్టిలో 'పబ్లిక్ ప్లేస్' కిందికే వస్తాయి. అలాంటి చోట స్పీకర్ పెడితే, సరిహద్దు గోడ దగ్గర శబ్దం ఆ ప్రాంతపు పరిమితి కన్నా 10 ఎక్కువ, లేదా 75, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు.

మేనల్లుడి పోస్టరుకే ఈ లెక్క వేద్దాం. వేదిక నుంచి 10 మీటర్ల దూరంలో 100 డెసిబెల్స్ అనుకుందాం. ఎలక్ట్రానిక్ డాన్స్ ఫ్లోర్‌కు ఇది మరీ ఎక్కువేం కాదు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 తగ్గుతుంది. 20 మీటర్లకు 94, 40కి 88, 80కి 82, 160కి 76, 320కి 70, 640కి 64.

రిసార్టు వాణిజ్య ప్రాంతంలో ఉంటే సాయంత్రం గోడ దగ్గర 75 దాకా చెల్లుతుంది. అంటే గోడ సుమారు 180 మీటర్ల దూరంలో ఉండాలి. నివాస ప్రాంతంగా గుర్తించిన చోటైతే 65 దాటకూడదు, అప్పుడు సుమారు 560 మీటర్లు కావాలి. ఈసీఆర్ రోడ్డుకూ అలలకూ మధ్య చాలాచోట్ల అంత వెడల్పు నేలే లేదు. పది గంటల సంగతి దాకా పోనక్కర్లేదు, సాయంత్రం ఏడింటికే ఈ లెక్క తప్పుతుంది. స్పీకర్లను ఏ దిక్కుకు తిప్పారు, ఎంత ఎత్తున వేలాడదీశారు అన్న దాన్ని బట్టి అంకెలు కొంత మారతాయి. పైన వేసింది కాగితం మీది లెక్క. మంచి సౌండ్ ఇంజనీరు ఉంటే వేదిక వెనక్కి పోయే శబ్దాన్ని బాగా తగ్గించగలడు. అందుకే కొందరు స్పీకర్ల ముఖం సముద్రం వైపు తిప్పుతారు. జనం మాత్రం అలలకు వీపు చూపి నిలబడాలి, బీచ్ పార్టీకి వచ్చి!

## మీటరుకు అందని బాస్, వైపు మార్చే గాలి

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే చిక్కు ఇది. ఈసీఆర్ మీది కోవళం (కేరళది కాదు) దగ్గర ఉండే మిత్రుడొకడు రాత్రి పాట వినపడదు, కిటికీ అద్దం మాత్రం దడదడలాడుతుంది అంటాడు. పోలీసులు మీటరు పెడితే అంకె పరిమితిలోపే చూపిస్తుందట. ఎవరూ అబద్ధమాడడం లేదు.

మన చెవి లోతైన శబ్దాన్ని తక్కువగా, మధ్యస్థ శబ్దాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది. మీటరు కూడా చెవిలాగే వినాలని దానిలో ఒక వడపోత పెట్టారు. దాన్నే 'ఏ-వెయిటింగ్' అంటారు. మన నిబంధనల అంకెలన్నీ ఆ వడపోత తర్వాతివే. ఈ వడపోత 50 హెర్ట్జ్ (సెకనుకు 50 కంపనాలు) దగ్గర సుమారు 30 డెసిబెల్స్ తీసేస్తుంది. టెక్నోలో గుండెకు తగిలే ఆ 'దుమ్' ఉండేది దాదాపు అక్కడే. ఇంటి గోడకు 80 డెసిబెల్స్ బాస్, అంటే ఈ లోతైన శబ్దం, తగులుతున్నా మీటరు 50 అని రాస్తుంది. అద్దానికి వడపోత లేదు, అది 80కే ఊగుతుంది.

పైగా 50 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. అంత పొడవున్న తరంగం ప్రహరీ గోడను చుట్టుకుని అవతలికి దిగుతుంది. సరుగుడు తోపు, తడికలు, షామియానా ఏవీ దాన్ని ఆపలేవు. సన్నని శబ్దాన్ని గాలి దారిలోనే మింగేస్తుంది, లోతైనది మిగిలిపోతుంది. రెండు కిలోమీటర్ల అవతల పాట పోయి దెబ్బ ఒక్కటే వినపడేది అందుకే. వినాయక చవితి నిమజ్జనం రోజు పక్క వీధి డీజే బండి విన్నవాళ్ళకు ఈ అనుభవం కొత్తేం కాదు. ఎలక్ట్రానిక్ ఫెస్టివల్స్ జరిగే కొన్ని దేశాల్లో బాస్‌కు విడిగా పరిమితి పెడతారు. మన నిబంధనల్లో ఆ ఏర్పాటు లేదు.

ఇక గాలి. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి ఊరి వైపు వీస్తుంది. శబ్దం గాలి వాలుకు నేల వైపు వంగి దూరం పోతుంది, ఎదురుగాలిలో పైకి లేచి తప్పిపోతుంది. అంటే సాయంత్రం బీచ్ వేదిక శబ్దం ఊళ్ళోకే వస్తుంది. రాత్రి బాగా పొద్దుపోయాక నేల మీది గాలి సముద్రం వైపు తిరిగితే కొంత ఊరట. కానీ నిర్మలమైన చలికాలపు రాత్రుల్లో నేల దగ్గర గాలి చల్లగా, పైన వెచ్చగా ఉంటుంది. అప్పుడు పైకి పోవాల్సిన శబ్దం కూడా వంగి కిందికి దిగుతుంది. దూరంగా పోయే రైలు కూత పగటి కన్నా రాత్రి దగ్గరగా వినపడేది ఇందుకే. ఒక్కమాటలో, ఏ రోజు ఏ ఇంట్లో నిద్ర చెడుతుందో స్పీకర్ నాబ్ ఒక్కటే నిర్ణయించదు.

## ఇసుక ఖాళీగా లేదు: తాబేళ్ళు, కుప్పాలు

సిటీవాళ్ళ కంటికి రాత్రి బీచ్ ఖాళీ. చెన్నై తీరానికి డిసెంబరు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూటిలో సుమారు వంద గుడ్లు, నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు. ఇసుకలోంచి బయటికి వచ్చిన పిల్ల వెలుగు ఎటు ఎక్కువుంటే అటు పాకుతుంది. లక్షల ఏళ్ళుగా ఆ వెలుగు చుక్కల కాంతిలో మెరిసే సముద్రమే. ఇప్పుడు వీధి దీపం, లేజర్ లైటు. పిల్లలు రోడ్డు వైపు పోయి చక్రాల కింద పడతాయి. విద్యార్థులు 1988లో మొదలుపెట్టిన ఎస్‌ఎస్‌టీసీఎన్ అనే సంస్థ కార్యకర్తలు సీజన్‌లో నీలాంకరై నుంచి బెసంట్ నగర్ దాకా రాత్రుళ్ళు నడిచి గూళ్ళు వెతికి, గుడ్లను భద్రమైన చోటుకు మార్చి కాపాడుతున్నారు.

నిర్వాహకులు దీనికి చెప్పే సమాధానం కూడా తీసిపారేసేది కాదు. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల తాబేళ్ళు చచ్చి కొట్టుకొచ్చాయి. వాటి చావుకు సంగీతం కారణం కాదు, మరబోట్ల వలలు. ఒక రాత్రి పండుగను నిందించే ముందు ఏడాది పొడవునా వెలిగే వీధి దీపాలను చూడండి అంటారు. లెక్క ప్రకారం నిజమే. కాకపోతే గూడు పెట్టడానికి ఒడ్డెక్కిన తల్లి తాబేలు వెలుగు, అలికిడి ఉంటే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోవచ్చు. ఆ గూడు ఏ లెక్కలోనూ కనపడదు.

కుప్పం అంటే ఇక్కడ మత్స్యకారుల పల్లె. ఈసీఆర్ వెంట రిసార్టుకూ రిసార్టుకూ మధ్య ఇవే ఉంటాయి. రాత్రి ఎనిమిదింటికి తిని పడుకుని, మూడు, నాలుగు గంటలకు పడవ దించే ఇళ్ళవి. డాన్స్ ఫ్లోర్ తారస్థాయికి చేరే వేళ వాళ్ళకు గాఢ నిద్ర సమయం. ఆ పల్లెల్లోనే ఫెస్టివల్ వస్తే పార్కింగు, టిఫిన్ బండి, సెక్యూరిటీ పని దొరుకుతుందని కోరుకునే కుర్రాళ్ళూ ఉన్నారు. కోవళంలో సర్ఫింగు వచ్చాక కొంతమంది జాలరి పిల్లల బతుకు మారిన సంగతి కళ్ళ ముందే ఉంది. 'స్థానికులు వద్దంటున్నారు' అని ఒక్క ముక్కలో రాసే వార్తలు నాకు అందుకే నచ్చవు.

రోడ్డు సంగతి క్లుప్తంగా. 2023 సెప్టెంబర్ 10న పనైయూర్ దగ్గర ఏఆర్ రెహమాన్ కచేరీ రోజు టికెట్ ఉన్నవాళ్ళు వేలమంది లోపలికి పోలేక వెనుదిరిగారు, ఈసీఆర్ గంటల తరబడి స్తంభించింది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క బకింగ్‌హామ్ కాలువ. మధ్యలో ఆ రోడ్డుకు కాలువ అవతల సమాంతరంగా పోయే ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు తప్పించుకునే దారులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ కాలువ కాకినాడ దాకా పోయేదని మా తాత చెప్పేవాడు, అప్పట్లో అయితే ట్రాఫిక్ పడవలది.

## లోపల నిలబడ్డవాడి చెవి

బయటివాళ్ళ నిద్ర గురించి ఇంత చర్చ జరుగుతుంది కానీ టికెట్ కొన్నవాడి చెవిని ఎవరూ అడగరు. కార్మికుల భద్రతకు అమెరికాలో వాడే ఒక ప్రమాణం ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 పెరిగినప్పుడు సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి గంట, 97కి అరగంట, 100కి పావుగంట. వేదిక ముందు 100 డెసిబెల్స్‌లో నాలుగు గంటలు నిలబడితే ఆ రోజు వాటాకు పదహారు రెట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వినోద వేదికలకు చెప్పిన గరిష్ఠం కూడా పావుగంట సగటు మీద 100 డెసిబెల్సే, అది కూడా చెవులకు విశ్రాంతి దొరికే నిశ్శబ్ద స్థలం, ఇయర్‌ప్లగ్స్ అందుబాటులో ఉంచమనే షరతులతో.

కచేరీ నుంచి వచ్చాక చెవిలో గుయ్యిమనడం, మాటలు దూది అడ్డుపెట్టినట్టు వినపడటం లోపలి రోమకణాలు అలిసిపోయిన గుర్తు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఆ కణాలు చచ్చిపోతే మాత్రం మనుషుల్లో మళ్ళీ పుట్టవు. 20 డెసిబెల్స్ తగ్గించే ఇయర్‌ప్లగ్ సరిగ్గా అమరితే 100 కాస్తా 80 అవుతుంది, పై లెక్కలన్నీ తలకిందులవుతాయి. ఇయర్‌ప్లగ్ పెట్టుకుంటే ఇంక పాట ఎందుకు అని మేనల్లుడు నవ్వాడు. బాస్‌ను వినేది చెవి ఒక్కటే కాదు కదా, ఒళ్ళంతా వింటుంది. చెవి మూసినా ఆ దుమ్ ఎక్కడికీ పోదు.

రాత్రి సముద్రం గురించి ఒకటే మాట. చెన్నై తీరంలో ఒడ్డు నుంచి లోపలికి లాక్కుపోయే ప్రవాహాలు ఎక్కువ, చీకట్లో అవి కనపడవు. కొత్త సంవత్సరం రాత్రి మెరీనాలో పోలీసులు తాళ్ళు, బారికేడ్లు కట్టేది ఇందుకే.

## మరి 'సన్‌రైజ్' ఎట్లా అమ్ముతున్నారు

నిర్వాహకులకు మిగిలిన దారులు మూడు. మొదటిది, పదింటికి ఆరుబయట వేదిక ఆపేసి మూసిన హాల్లోకి జనాన్ని తరలించడం. నిబంధనల్లో 'క్లోజ్డ్ ప్రెమిసెస్' అన్న మాట ఉంది కానీ ఎంత మూస్తే మూసినట్టు అన్నది తరచూ వాదనకు వస్తుంది. రేకుల షెడ్డు, గుడ్డ డేరా బాస్‌ను ఆపవు కాబట్టి హాలు అని పేరు పెట్టినంత మాత్రాన పక్కింటివాడి ఫిర్యాదు ఆగదు. పైగా రాత్రివేళ నిబంధన ఏది తప్పినా ఫిర్యాదు చేయొచ్చు, డెసిబెల్ మీటరు చూపించాల్సిన పని లేదు.

రెండోది సైలెంట్ డిస్కో. అందరికీ వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు ఇస్తారు, లౌడ్‌స్పీకర్ ఉండదు. దూరం నుంచి చూస్తే నిశ్శబ్దంగా వందలమంది ఇసుకలో ఎగురుతుంటారు. మా అక్క చూస్తే దిష్టి తీయిస్తుంది. శబ్దం చిక్కు దాదాపు తీరుతుంది. వెలుగు, జనం, ఇసుక మీది తొక్కిడి అట్లాగే ఉంటాయి. అసలైన ప్రేమికులకు ఇది ఉప్పులేని పప్పు, ఎందుకంటే ఛాతీకి తగిలే బాస్ హెడ్‌ఫోన్‌లో రాదు.

మూడోది నాకు తమాషాగా తోచింది. చట్టంలో రాత్రి ఉదయం 6కి ముగుస్తుంది. 6 తర్వాత మళ్ళీ పగటి పరిమితులు. జూన్ మొదట్లో చెన్నైలో సూర్యోదయం 5:42 ప్రాంతంలో. అంటే సూర్యుడు వచ్చేసరికి చట్టం ఇంకా నిద్రలోనే ఉంటుంది. జనవరిలో సూర్యోదయం ఆరున్నర దాటాక. అప్పుడు ఆరింటికి స్పీకర్ పెట్టి తూర్పు ఎర్రబడుతుండగా అరగంట వాయించవచ్చు, గోడ దగ్గర 65 లేదా 75 దాటకుండా. రాత్రి పది దాకా ఒక ముక్క, హాల్లోనో హెడ్‌ఫోన్లోనో నడిమి ముక్క, ఆరింటికి ఒడ్డున చివరి ముక్క: కలిపి 'సన్‌సెట్ టు సన్‌రైజ్'. పోస్టరు అబద్ధం కాదు, అతుకుల బొంత. ఆ జనవరే తాబేళ్ళ సీజన్ కావడం ఇంకో సంగతి.

టికెట్ అడుగున చిన్న అక్షరాలు మేనల్లుడితో పైకి చదివించాను. 'అనుమతులకు లోబడి వేళలు మారవచ్చు' అని ఉంది. నడిమి ఎనిమిది గంటలు ఎక్కడ కూర్చోబెడతారో నిర్వాహకులకు మెయిల్ పెట్టి అడుగుతానన్నాడు. అక్కకు ఫోన్ చేసి ఇది టీవీలో చూపించే రేవ్ కాదని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "సరేలే, ఆరింటికి ఆట అయిపోతే ఆ పక్కనే పడవలొస్తాయి గదా, వచ్చేటప్పుడు వంజరం చేప తెమ్మను" అంది.